నాలుగు ఎండలు

పర్లాకిమిడిలో బనమాలి పాత సామాన్ల కొట్లో
బొమ్మలు కిలోల లెక్క.
తోక లేని గుర్రమైనా, చక్రం పోయిన లారీ అయినా
కాటా ముందు ఒకటే.
బస్తాడు తెచ్చుకుని పెరట్లో కుమ్మరిస్తాను.
ముందు సబ్బునీళ్లు. మట్టి వదులుతుంది,
విరిగిన పాల కంపు వదులుతుంది,
మార్కరు రాత మాత్రం
అప్పిచ్చినవాడిలా గుమ్మంలోనే కూచుంటుంది.

ఎవరూ నేర్పలేదు. పాడుచేసి నేర్చుకున్నాను.
గట్టి ప్లాస్టిక్కయితే స్పిరిటు, దూదిమీద నాలుగు చుక్కలు.
గోళ్లరంగు తుడిచే మందు జోలికి పోకూడదు,
ఒకసారి ఏనుగు మొహాన రాస్తే
మరకతో పాటు నునుపూ కరిగి
పాపం, కంట్లో పువ్వేసినట్టయింది.
మరీ మొండి గీతైతే బడి బోర్డు పెన్నుతో
దానిమీదే మళ్లీ గీసి, తడారకముందే తుడవాలి.
ముల్లుని ముల్లుతో అని మా అత్త ఊరికే అనలేదు.

ఎక్కువగా పేర్లే.
గొడుగేసుకున్న ఒడియా అక్షరాలు,
తలకట్టు చుట్టుకున్న మన అక్షరాలు,
ఒక లారీ మీదైతే రెండూ. ఒకే ఇంటి గుంటలేమో,
అన్న ఒక బడి, చెల్లి ఇంకో బడి.
పాతపట్నంనుంచి కోడలిగా వచ్చిన నేను
ఒడియా చదవడం ఈ బొమ్మల మీదే నేర్చుకున్నాను.
చదివితే గాని తుడవబుద్ధి కాదు.
"ఇది లిపికది, ముడితే కొరుకుతాను" అని
ఒక బాతు వీపుమీద.
కొరికే పళ్లు ఈపాటికి ఊడి, మళ్లీ వచ్చుంటాయి.
దూది నల్లబడుతుంది. బాతు ఎవరిదీ కాకుండా పోతుంది.
ఎవరిదీ కాకపోతేనే కదా ఇంకొకరు కొనేది.

మొన్నటి బస్తాలో, అట్టడుగున,
సగం జుట్టు రాలిన మెత్తటి పిల్లబొమ్మ.
మొహాన మీసం. ఆడబొమ్మ దొరికితే
ఎవడో ఒకడు పెడతాడు, అది లెక్కలోది కాదు.
గౌను విప్పితే
గొంతు కిందనుంచి బొడ్డుదాకా నిలువు గీత,
దానికడ్డంగా చిన్న చిన్న గీతలు.
లెక్కపెట్టాను. పదకొండు.
ఎడంచేతి మీద సూది చుక్కలు,
మణికట్టు చుట్టూ పట్టీ, అందులో నంబరు.
ఊసుపోక గీసినవి కావు.
చూసి గీసినవి.
అద్దంలో చూసో,
తల వంచుకుని చూసుకునో.

స్పిరిటుకి లొంగలేదు. మెత్తటి బొమ్మ సిరా తాగేస్తుంది,
లోపలికి దిగినదాన్ని పైనుంచి తుడిస్తే ఏం పోతుంది.
దానికి ఒకటే మందు, మా హేమంతి మొటిమల క్రీము.
పూసి, పల్చటి కవరు చుట్టి, ఎండలో పెట్టడం.
"మళ్లీ నా ట్యూబు పిండేసావా" అని అరుస్తూ వచ్చి
బొమ్మని చూసి ఊరుకుంది.
కాసేపాగి, రెండో పూత అదే పూసింది.

మొదటి ఎండకి మీసం పోయింది.
రెండో ఎండకి నంబరు.
మర్నాడు మహేంద్రగిరి వేపునుంచి మబ్బు పట్టింది,
దాన్ని లెక్కలోంచి తీసేశాను.
మూడో ఎండకి సూది చుక్కలు.
నాలుగో ఎండకి అడ్డగీతలు, పైనుంచి ఒక్కోటే,
నర్సు కత్తెరతో విప్పుకుంటూ వచ్చినట్టు.
ఇక్కడ ఆపేద్దామా అనిపించింది.
ఆడుకునే వయసు దాటి పారేసిందా ఆ పిల్ల?
బనమాలిని అడిగితే బరంపురం సరుకన్నాడు.
అతనికి తెలిసింది అంతే. కాటాకి అదీ తెలీదు.

కాశీనగరం సంతలో
చంకన బిడ్డతో ఒకావిడ
బొమ్మని తిరగేసి, గౌనెత్తి చూసింది.
నిలువు గీత జాడ మిగిలింది, దారమంత.
"మచ్చుందే. తగ్గించు."
"తగ్గిపోయిందమ్మా," అన్నాను
నోట్లోంచి అదే వచ్చింది.
"ఎంతకి?" అంది.

"నలభైకి."